లెక్క అందరి ముందుకు



కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెల్లో ఇల్లు అప్పుల్లో పడడానికి దుబారాయే కారణం కానక్కర్లేదు. నీళ్లు పడని బోరు, గల్ఫ్ వీసా, బిడ్డ పెళ్లి, దవాఖాన ఖర్చు చాలు. తల్లి బీడీలు చుట్టిన కూలి, కొడుకు దుబాయి నుంచి పంపిన పైసలు మిత్తికే పోతుంటే ఇంట్లో మాటలు తగ్గిపోతాయి.

ముందు ఆ మౌనం పోవాలి. భార్యాభర్తలు, ఎదిగిన పిల్లలు కలిసి కూర్చుని ప్రతి బాకీ రాయాలి: ఎవరికి, ఎంత, ఏ మిత్తికి. నూటికి మూడు రూపాయలంటే చిన్నదిగా వినిపిస్తుంది. లక్షకు అది నెలకు 3,000, ఏడాదికి 36,000 రూపాయలు. అదే లక్ష బ్యాంకు పంట రుణమై, గడువులోగా కడితే ఏడాదికి వడ్డీ 4 శాతం, అంటే 4,000 రూపాయలే.

కాబట్టి ఎక్కువ మిత్తి బాకీని ముందు తీర్చండి. మహిళా సంఘంలో, సంఘాల పరపతి సంస్థ స్త్రీనిధిలో తక్కువ వడ్డీకి రుణం అడగండి. ఆ డబ్బు పాత బాకీకే కట్టండి. ఒక కిస్తు కోసం మరోచోట అప్పు చేస్తూ పోతే ఏమవుతుందో 2010 నాటి సూక్ష్మరుణ సంక్షోభంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతా చూసింది.

అప్పు నేరం కాదు. ఆ భారంతో మనసు కుంగితే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. బాకీ ఎంతైనా మనిషి కన్నా పెద్దది కాదు. ఈ రోజే ఇంట్లో మాట మొదలుపెట్టండి.