తెలియదనుట చాలునా?

మనుష్యుడు తన నిర్దోషత్వమును చూపుకొనుటకు తరచుగా వాడు మాట యొకటి కలదు. "నాకు తెలియదు" అనునదే ఆ మాట. అనేక పర్యాయములు అది అబద్ధము కాదు. చెప్పువానికి నిజముగనే తెలియదు. అయితే నిజమైనంత మాత్రమున ఆ మాట చాలునా? తెలిసికొనగలిగియు తెలిసికొననివాడు, ఏ విధముగను తెలిసికొనలేనివాడు, వీరిద్దరు ఒక్కటేనా? ఈ ప్రశ్నను ఆలోచించుటకు మిక్కిలి సామాన్యమైన వస్తువు నొకదానిని ఎన్నుకొందము. అది కారు ఇంజనులోని ఆయిలు.

జనగామలో ఒక యువకుడు హైదరాబాదునుండి పాత స్పోర్ట్సు కారొకటి కొని తెచ్చుకొన్నాడనుకొందము. రెండు సీట్ల కారు, చూచుటకు అందముగా నున్నది, వేగముగా పోవును. అమ్మినవాడు, "ఈ ఇంజను కొంచెము ఆయిలు త్రాగును, చూచుకొనుచుండుము" అని ఒక మాట చెప్పియున్నాడు. నాలుగు మాసములు గడచినవి. బావమరిది వచ్చి, భూపాలపల్లిలో పెండ్లికి పోవలెనని కారు అడిగెను. ఇతడు తాళము చేతికిచ్చెను. హనుమకొండ దాటి, పరకాల దాటి, రేగొండ సమీపించుచుండగా ఎదుట ఎఱ్ఱ దీపము వెలిగెను. కారు ఆపులోపలనే ఇంజను పట్టేసెను. బాగుచేయుటకు కావలసిన సొమ్ము కారు వెలలో సగము.

ఇప్పుడు ఇద్దరి మధ్య మాట పెరిగినది. "లైటు వెలగంగనే ఆపిన గద బావా, అంతకు ముందు నాకేమెరుక?" అని ఒకడు. "నీ చేతికిచ్చిననాడు మంచిగనే ఉండె గద" అని మరియొకడు. ఇద్దరును అబద్ధమాడుట లేదు. అయినను ఇంజను పోయినది, బంధుత్వమునకు గాయమైనది. తప్పు ఎవరిది?

తీర్పు చెప్పుటకు ముందు ఆ ఎఱ్ఱ దీపమును గూర్చి తెలిసికొనవలెను. ఇంజను అడుగున మెకానిక్కులు చాంబరు అని పిలుచు తొట్టి కలదు. అందులోని ఆయిలును పంపు పీల్చి, సన్నని దారులగుండ పైకి నెట్టును. తిరుగుచుండు ఇరుసుకును దానిని మోయు బేరింగులకును మధ్య వెంట్రుక కంటె పలుచనైన నూనె పొర నిలుచును. ఆ పొర యున్నంతవరకు ఇనుము ఇనుమును తాకదు. ఆయిలు వేడిని మోసికొనిపోవును, మసిని కడుగును, పిస్టను రింగులయొద్ద సందును మూయును. ఇంత పని జరుగుచున్నను పైకి శబ్దము లేదు.

ఆ ఎఱ్ఱ దీపము ఆయిలు ఎంత యున్నదో చెప్పునది కాదు. పంపు నెట్టుచున్న ఒత్తిడి పడిపోయినప్పుడు మాత్రమే అది వెలుగును. చాంబరులో ఆయిలు సగమునకు తగ్గినను, పంపు నోటికి అందుచున్నంతసేపు ఒత్తిడి నిలిచియుండును, దీపము ఆరియుండును. స్పోర్ట్సు కారు మలుపులో వేగముగా తిరిగినప్పుడు మిగిలియున్న ఆయిలు ఒక ప్రక్కకు పోవును. పంపు గాలిని పీల్చును. క్షణములో ఒత్తిడి పడిపోవును. అప్పుడు దీపము వెలుగును. అప్పటికి ఇనుము ఇనుమును తాకియుండవచ్చును. కొన్ని కార్లలో మట్టమును గూర్చి హెచ్చరించు పసుపు దీపము వేరుగా నున్నది గాని, అన్నిటిలో లేదు. ఎఱ్ఱ దీపము కీడు రాబోవుచున్నదని చెప్పు ప్రవక్త కాదు, వచ్చినదని చెప్పు వార్తాహరుడు. దాని మౌనమును క్షేమమునకు గుర్తుగా ఎంచుకొన్నవాడు మోసపోవును.

పదిమంది కన్యకల ఉపమానము మనమందరము ఎరిగినదే. అందులో ఒక సంగతిని గమనింపవలెను. బుద్ధిలేని ఐదుగురి దివిటీలును మొదట వెలుగుచునే యుండెను. ఆ వెలుగును చూచి ఎవరి యొద్ద ఎంత నూనె యున్నదో చెప్పుట ఎవరికిని సాధ్యము కాదు. పదిమందియు కునికి నిద్రించిరి. కాబట్టి నిద్ర వారిని వేరుచేయలేదు. బయలుదేరకముందే కొందరు నూనె సంగతి చూచుకొనిరి, కొందరు చూచుకొనలేదు. భేదమంతయు ఆ ఒక్క ఘడియలోనే యుండెను.

ఇక ఆ బావమరదుల యొద్దకు వత్తము. కారు స్వంతదారునికి ముందుగనే హెచ్చరిక యున్నది. నిర్గమకాండము ఇరువది యొకటవ అధ్యాయములో పొడుచు ఎద్దును గూర్చిన విధి కలదు. అంతకు ముందు పొడిచిన అలవాటు లేని ఎద్దు ఒకని చంపినయెడల యజమానుడు నిర్దోషి. అయితే అది పొడుచునని అతనికి ముందే తెలుపబడియు దానిని కట్టి యుంచనియెడల అతడు దోషి. మన జనగామ యువకునికి ఎద్దు సంగతి చెప్పబడినది. నాలుగు మాసములు అతడు బానెట్టు ఎత్తి చూడలేదు. తాళము ఇచ్చునప్పుడు ఆ మాట చెప్పనులేదు. కాబట్టి భారములో ఎక్కువ పాలు అతనిదే యని మా అభిప్రాయము. కారు తీసికొన్నవాడు దూరప్రయాణమునకు ముందు ఒక మాట అడుగవలసియుండెను. అతని పాలు కొంచెము కలదు. దీపము వెలిగినవెంటనే ఆపుటకు యత్నించెను గనుక అంతకుమించి అతనిమీద వేయుట న్యాయము కాదు.

అమ్మినవాడు ఏమియు చెప్పకయే యుండినయెడల? ఇచ్చట ప్రశ్న మరింత లోతైనది. ఇంగ్లాండులో విలియం కింగ్డన్ క్లిఫర్డ్ అను గణితశాస్త్రజ్ఞుడు 1877లో నమ్మకముల నీతిని గూర్చి ఒక వ్యాసము ప్రచురించెను. అందులో అతడు ఒక ఓడ యజమానుని ఊహించెను. ఓడ పాతది; దానిమీద అతనికి సందేహములు కలవు. పరీక్ష చేయించుట ఖర్చుతో కూడిన పని గనుక అతడు ఆ సందేహములను అణచుకొని, ఇది క్షేమముగా పోయివచ్చునని తనను తాను నమ్మించుకొనెను. ఓడ జనులతో కూడ మునిగెను. అతడు నిష్కపటముగా నమ్మెను గాని, అట్లు నమ్ముటకు అతనికి హక్కు లేదని క్లిఫర్డ్ వాదము. ఓడ మునుగక క్షేమముగా తిరిగివచ్చినను అతని దోషము తగ్గదనియు అతడు చెప్పెను. ఈ రెండవ మాట మనలను ఎక్కువగా గ్రుచ్చును. ఏలయనగా మన ఓడలలో అనేకము మునుగలేదు. అందుచేత మనము జాగ్రత్తపరులమని తలంచుచున్నాము.

చూచుట గొప్ప విద్య కాదు. సామాన్యమైన ఇంజనును వేడియెక్కించి, కారును సమమైన నేలమీద నిలిపి, ఇంజను ఆపి, ఐదు పది నిమిషములు ఆగవలెను. పైకి పోయిన ఆయిలంతయు చాంబరులోనికి దిగవలెను గదా. తరువాత డిప్‌స్టిక్కు అను ఉక్కు బద్దను లాగి, శుభ్రమైన గుడ్డతో తుడిచి, తిరిగి పూర్తిగా దించి, మరల లాగి చూడవలెను. మొదటి సారి లాగినప్పుడు కనబడు గుర్తును నమ్మరాదు. కారు కదలినప్పుడు చిందిన ఆయిలు బద్దకు అంటియుండును. తుడిచిన తరువాత కనబడునదే సత్యము. రెండు గుర్తుల మధ్య ఆయిలు నిలువవలెను. అనేక కార్లలో ఆ రెండు గుర్తుల నడిమి భేదము సుమారు ఒక లీటరు. రంగు నల్లబడినంత మాత్రమున భయపడనక్కరలేదు, అది మసిని మోయుచున్నది. పాలవలె తెల్లబడినయెడల నీరు కలిసినదేమో యని మెకానిక్కుకు చూపవలెను.

భయముచేత గుర్తు దాటి పోయుటయు మంచిది కాదు. మట్టము మించినయెడల తిరుగుచుండు ఇరుసు ఆయిలును చిలికి నురుగు చేయును. నురుగు ఇనుమును కాపాడలేదు. అజాగ్రత్త ఒక అపాయమైతే కొలత లేని ఆదుర్దా మరియొకటి.

అన్ని ఇంజనులకు ఒకే విధి పనికిరాదు. పోర్షే 911 కార్లు చాల సంవత్సరములు ఆయిలును వేరు ట్యాంకులో ఉంచుకొనెడివి. వాటి మట్టమును ఇంజను బాగుగా వేడెక్కి నడుచుచుండగనే చూడవలసియుండెను. 1978లో వచ్చిన మాజ్డా ఆర్‌ఎక్స్-7 కారులోని రోటరీ ఇంజను తన లోపలి భాగములను తడుపుటకు కొంత ఆయిలును తానే కాల్చుకొనునట్లు నిర్మింపబడినది. ఆ ఇంజను ఆయిలు త్రాగుట రోగము కాదు, స్వభావము. తగ్గుట తప్పు కాదు గాని, తగ్గునని తెలిసియు చూడకుండుట తప్పు. కొన్ని క్రొత్త కార్లలో బద్దయే లేదు, తెరమీద అంకె కనబడును. ఆ తెరను తెరచి చూచుటకు కూడ మనుష్యుడు కావలెను. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగరు ప్రక్కన పరుగెత్తిన ఫార్ములా ఈ పందెపు కార్లకు ఇంజనుఆయిలు అక్కరయే లేదు, అవి విద్యుత్తుతో నడచును. వాటికిని టైర్లు, బ్రేకులు ఉన్నవి. యంత్రము మారినప్పుడు చూడవలసిన చోటు మారును; చూడవలసిన బాధ్యత మారదు.

ఒక ఆక్షేపణ కలదు. అన్నిటిని చూచుచు కూర్చుండినయెడల బ్రదుకు సాగునా? ప్రతి మనుష్యుని అనుమానింపవలెనా? ఇది న్యాయమైన ప్రశ్న. మన చుట్టుప్రక్కల నుండియే దీనికి జవాబు దొరకును. మహబూబాబాదు మార్కెట్టులో మిర్చి కొనువాడు బస్తా పైభాగము చూచి వెల కట్టడు. లోపలినుండి తీసి చూచును. రైతు దానిని అవమానముగా ఎంచడు. భూపాలపల్లిలో సింగరేణివారి భూగర్భ గనులున్నవి. బొగ్గుగనులలో పుట్టు మీథేను వాయువునకు రంగు లేదు, వాసన లేదు. ఎవరికిని ఏమియు తోచలేదు గనుక క్షేమమే యని అక్కడ ఎవరును అనరు. 1815లో హంఫ్రీ డేవీ రక్షక దీపమును కనిపెట్టిన నాటినుండి గనులలో ఆ దీపపు మంటను చూచి వాయువును పరీక్షించుట వాడుకయైనది. ఇప్పుడు అందుకు యంత్రములును ఉన్నవి. పనివారు దిగకముందు పరీక్ష చేయుట అక్కడ అనుమానము కాదు, దిగువారియెడల ప్రేమ.

కాబట్టి మేము మూడు కొలతలు సూచింతుము. ఒక వస్తువు తన కొరతను తాను చెప్పుకొనలేనిదై యుండి, ఆ కొరతవలన కలుగు కీడు ఇతరులమీద పడునదై, చూచుట మన చేతిలో ఉన్నదైతే, అచ్చట "తెలియదు" అను మాట చాలదు. ఈ మూటిలో ఏది లేకున్నను దోషము తగ్గును. అద్దె కారు నడుపు డ్రైవరు, "ఆయిలు తగ్గినది, సొమ్ము ఇవ్వండి" అని యజమానునికి రెండుసార్లు చెప్పెననుకొందము. యజమానుడు, "వచ్చే నెల చూతము" అనెను. డ్రైవరు ఇల్లు గడుపుకొనుటకు కారు తీసెను. ఇంజను పోయినయెడల జీతములోనుండి కోయుట న్యాయమా? కాదని మేము నిశ్చయముగా చెప్పుదుము. చూచిన కన్ను అతనిది, మూసికొనిన కన్ను యజమానునిది. బాధ్యత అధికారమును వెంబడింపవలెను గాని, బలహీనుని వెదకుకొనుచు క్రిందికి జారరాదు.

ఇండ్లలోను ఇట్టిదే జరుగుచున్నది. "అమ్మ ఏమియు అనలేదు గదా, బాగుగనే యున్నదనుకొంటిమి" అందుము. పాలేరు కూలి పెంచుమని అడుగలేదు, కాబట్టి చాలుచున్నదని తలంతుము. వృద్ధుడైన తండ్రి ఫోనులో "మంచిగనే ఉన్న బిడ్డా" అనును, మనము తృప్తిపడి ఫోను పెట్టుదుము. వీరెవరును ఎఱ్ఱ దీపము వెలిగింపలేదు. ఓర్చుకొనువారి దీపము చాల ఆలస్యముగా వెలుగును. వారు ఎంతగా ఓర్చుకొందురో అంతగా మనము దగ్గరకు పోయి చూడవలసియున్నది. సమమైన నేల, కొంత విశ్రాంతి, ఒకసారి తుడిచి మరల అడుగుట, ఇవి అచ్చటను అవసరమే. పరుగుమీద "ఎట్లున్నవు?" అని అడిగినప్పుడు వచ్చు మొదటి జవాబు తుడువని బద్దమీది గుర్తువంటిది.

చదువరులారా, ఈ వారములో ఒక దినము పది నిమిషములు తీసికొనుడు. బండి యున్నవారు ఆయిలు చూడుడు. బండిని ఇతరులకు ఇచ్చువారు దాని గుణమును చెప్పి ఇయ్యుడు. తరువాత మీ ఇంటిలో ఎన్నడును ఏమియు అడుగనివారెవరో జ్ఞాపకము చేసికొని, వారి ప్రక్కను కూర్చుండి, రెండవసారి అడుగుడు.