బొమ్మ ఎవరిది?

ఈ మాసము మనము ఆలోచింపబోవు సంగతి చాల చిన్నదిగా కనబడవచ్చును. ఇంటిలో పిల్లల ఆటవస్తువులు ఎక్కడ ఉంచవలెను? కాలు పెట్ట చోటు లేకుండ నేలమీద చెదరియుండనియ్యవలెనా, లేక పిల్ల చేతికి అందనంత ఎత్తున దాచివేయవలెనా? ఇండ్లను దర్శింప వెళ్లినప్పుడు మేము ఈ రెండు విధములను చూచుచున్నాము. ఒకే యింటిలో రెండును చూచినది కూడ కలదు.

మన పెద్దల కాలములో ఈ ప్రశ్నయే లేదు. జొన్నబెండుతో చేసిన ఎడ్లబండి ఉదయము పుట్టి సాయంకాలమునకు పెంటకుప్పలో కలియుచుండెను. గచ్చకాయలు, చింతపిక్కలు ఒక గుడ్డమూటలో ఇమిడెడివి. ఎవరైనను గోదావరి దాటి నిర్మలనుండి పొనికి కర్ర బొమ్మ తెచ్చినయెడల దానిని గోడగూటిలో నిలిపెడివారు. చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపి అతుకులు పూడ్చి రంగువేసిన ఆ బొమ్మ తడికి ఓర్చదు గనుక దానికి గూడే తగిన చోటు. నేడు ప్లాస్టికు వచ్చినది. అది మట్టిలో కలియదు. మేక తినినయెడల మేకకే ముప్పు. విరిగిన తరువాత కూడ ఇంటిలోనే యుండును.

మెండోర చుట్టుపట్ల గ్రామములలో మరియొక కారణము కూడ కలదు. మన జిల్లానుండి ఎందరో తండ్రులు దుబాయి, మస్కటు, సౌదీ దేశములకు పనికి పోయియున్నారు. రెండు మూడేండ్లకొకసారి వచ్చునప్పుడు వారి సామానులో రిమోటుతో నడుచు కారు, మాటలాడు బొమ్మ తప్పక యుండును. అవి అద్దాల అల్మారాలో పై అరకు ఎక్కును. పెట్టె విప్పనైనను విప్పరు. బిడ్డ క్రింద నిలిచి చూచుచుండును. "పాడు చేస్తడు అయ్యగారూ, రేపు వాళ్ల బాపు వచ్చి అడిగితే ఏం చెప్పాలె?" అని తల్లి యనును.

ఆ తల్లిని నిందించుటకు మాకు నోరు రాదు. బీడీలు చుట్టుచు ఒంటరిగా సంసారమును ఈడ్చుకొనివచ్చు ఆమెకు అది బొమ్మ కాదు. దూరముననున్న భర్త చెమట, ఆయన ముఖము. అయినను ఒక మాట అడుగవలసియున్నది. బిడ్డకని ఇచ్చినదానిని బిడ్డనుండియే కాపాడుట న్యాయమా? ఆ బిడ్డ ఒకనాడు పీట యెక్కి దానిని తీసినయెడల మనము వానిని దొంగ యని కొట్టుదుము. తన వస్తువునే తాను దొంగిలినవాడు ఎట్లు దొంగ యగును?

1907లో రోమా పట్టణమున పేదపిల్లలకొరకు ఒక గృహమును ప్రారంభించిన వైద్యురాలు మరియా మాంటిస్సోరికి ఇట్టి ప్రశ్నయే యెదురైనది. ఈమె 1939లో మద్రాసు అడయారునకు వచ్చి యుద్ధకాలమంతయు మన దేశముననే యుండెను. ఆ గృహములో ఒకనాడు అధ్యాపకురాలు సామాను బీరువాకు తాళము వేయ మరచి, మరునాడు ఆలస్యముగా వచ్చెను. అప్పటికే పిల్లలు బీరువా తెరచి తమకు కావలసినవి తీసికొనుచుండిరి. అధ్యాపకురాలు దానిని దొంగతనమనెను. మాంటిస్సోరికి మాత్రము వేరుగా తోచెను: ఏది ఎక్కడ నుండునో పిల్లలెరుగుదురు, తమకేది కావలెనో ఏరుకొనగలరు. అప్పటినుండి అక్కడ తాళపు బీరువాలు పోయి పిల్లల చేతికందు పొట్టి బీరువాలు వచ్చెను.

ఇంతమాత్రమున ఇల్లంతయు పిల్లలదే యని మా భావము కాదు. తెల్లవారుజామున లేచిన ముసలమ్మ గోలీమీద కాలు వేసినయెడల తుంటి విరుగును. జెకర్యా 8వ అధ్యాయములో ప్రవక్త చూచిన వీధిలో ఆడుకొను పిల్లలు మాత్రమే లేరు. చేతికఱ్ఱలతో కూర్చున్న వృద్ధులును అక్కడనే యున్నారు. ఒకే వీధిలో ఇరువురికిని చోటు దొరకినది. మన రెండర్రల యింటిలో అది ఎట్లు?

ఖర్చుతో పని లేదు. రెండు ఇటుకలమీద ఒక పలక వేసి, దానిపై రెండు వెడల్పు గంపలు పెట్టిన చాలును. ఏ గంపలో ఏమి యుండునో దానిపై బొగ్గుతో బొమ్మ గీసినయెడల చదువురాని పిల్లయు ఎరుగును. బరువైన మూతగల సందుగ వద్దు. మూత మెడపై పడును. ఎరువుల సంచి, పురుగుమందు డబ్బా ఎంత కడిగినను పనికిరావు. బీడీల తంబాకు ఉన్న మూలకు ఆటగంప దూరముగా నుండవలెను. మూడేండ్లలోపు పిల్ల యున్నచోట గోలీలు, చిన్న ముక్కలు వేరే పైన ఉంచవలెను. గుండీవంటి చిన్న బ్యాటరీ మింగినయెడల రెండు గంటలలోనే గొంతులోపల కాలును. ఆలస్యము చేయక ఆసుపత్రికి పరుగెత్తవలెను.

ఉన్నవన్నియు ఒకేసారి బయట పెట్టనక్కరలేదు. అమెరికాలో టొలెడో విశ్వవిద్యాలయమువారు 36 మంది పసిపిల్లలకు ఒకసారి 4 బొమ్మలు, మరియొకసారి 16 ఇచ్చి చూచి, ఆ సంగతి 2018లో ప్రచురించిరి. నాలుగే యున్నప్పుడు ఒక్కొక్కదానితో ఎక్కువసేపు, ఎక్కువ విధములుగా ఆడుకొనిరట. గనుక మిగిలినవి సంచిలో కట్టి అటకమీద నుంచి వారమునకొకసారి మార్చవచ్చును. అల్మారాలోని కారు కూడ ఆ వంతులో దిగిరావలెనని మా కోరిక.

ఇక మిక్కిలి కష్టమైనది, పారవేయుట. పిల్ల బడికి పోయిన వేళ చూచి, విరిగిన బొమ్మలను పాత సామానువానికి వేసి ఎల్లిగడ్డలు తీసికొనుట మన వాడుక. మనకది చెత్త, ఆ చక్రము లేని లారీలో నిన్నటివరకు ఆమె ఇసుక తోలినది. పౌలు బొమ్మలనుగూర్చి వ్రాయలేదు, నిజమే. అయినను 1 కొరింథీయులకు 13:11లో బాల్యపు తీరులను తానే విడిచినట్లు చెప్పుచున్నాడు. ఇతరులు తననుండి లాగుకొనిరని చెప్పలేదు. గంపలు రెండే యని నిర్ణయించుట పెద్దల హక్కు. గంప నిండినప్పుడు ఏది ఉండవలెనో ఏది పోవలెనో ఏరుట బిడ్డ హక్కు. మొదటిసారి ఏడ్చును, ఒక్కటియు వదలదు. తొందరపెట్టక రెండు దినములు ఆగి మరల అడుగుడి.

తండ్రికి ఏమి చెప్పవలెనను తల్లి భయమునకు మాకు తోచిన ఉపాయమొకటే. ఆదివారము ఆయన ఫోనులో ముఖము చూచి మాటలాడునప్పుడు ఆ కారును బిడ్డ చేతికిచ్చి, వానినే చూపనియ్యుడి. అద్దము పగిలియున్నను, చక్రము ఊడియున్నను, అది ఎట్లు ఊడినదో వాడే చెప్పుకొనును.