వాసనాక్షయము

ఇంగువ కట్టిన గుడ్డ ఇంగువ పోయిన పిమ్మటను వాసన వీడదందురు. పాపము మానిన దినముననే మనుజుడు పరిశుద్ధుడగునా, లేక మానుట వేఱు, శుద్ధుడగుట వేఱా యను ప్రశ్నకు ఈ సామెతలో సగము సమాధానము కలదు. తక్కిన సగము నాకు కెనడా దేశపు దక్షిణ ఒంటారియోలో హిమానీనదములు విడిచిపోయిన బంకమన్నును గూర్చిన పరిశోధనలలో దొరకినది.

వేలయేండ్ల క్రిందట మహాహిమరాశులు కరగి వెనుకకు తగ్గినపుడు మిగిలిన ఆ మన్ను చూపునకు అభేద్యమే. కాని పైభాగము తడియారి బీటలు వారియుండుటచే, ఉప్పుగాని విషద్రవ్యముగాని పడినచో నీటితో గూడి బీటల వెంట వడిగా దిగును. దిగుచునే, ఏ ప్రవాహమును లేకయే, గాఢత హెచ్చైన చోటినుండి తక్కువైన చోటికి, ఇరుగడల మన్నులోనికి మెల్లగా వ్యాపించును. ఈ వ్యాపననియమమును 1855లో అడాల్ఫ్ ఫిక్ సూత్రీకరించెను. దీనిని కొలుచుటకై, నేలనుండి పెకలించిన మట్టిదిమ్మె నడుమ రంధ్రము తొలిచి, క్లోరైడో బ్రోమైడో కరగిన నీటిని నింపి, ఆవిరి పోకుండ మూసి, దినముల తరబడి కొంచెము కొంచెము తీసి పరీక్షింతురు. ఆ నీట తగ్గిన ఉప్పే మన్ను త్రాగిన ఉప్పు. ఇట్టి మన్నున వ్యాపనము ఏడాదికి సుమారు జానెడు. కాని రెండు జానలకు రెండేండ్లు చాలవు, నాలుగు కావలెను. నాలుగు జానలకు పదునాఱు.

విశేషమంతయు తరువాతనే యున్నది. కల్మషమూలమును త్రవ్వి పాఱవేసి, బీటలలో మంచినీరు పాఱించినను, కొంతకాలమునకు ఆ నీరు మరల మలినమగును. మన్నులో నిమిడిన ద్రవ్యము, బయట గాఢత తగ్గినందున, వచ్చిన త్రోవనే తిరిగి వచ్చుచుండును. అందును కొంత యింకను లోలోపలికే పోవుచుండుటచే, చొచ్చుటకు పట్టిన కాలముకంటె వెడలుటకు పట్టు కాలము మిక్కిలి దీర్ఘము.

తత్త్వజ్ఞాన మనోనాశ వాసనాక్షయములను మూటిని కలిపి అభ్యసింపవలెనని విద్యారణ్యులు జీవన్ముక్తివివేకమున నేల పట్టుపట్టిరో నాకిప్పుడు స్ఫురించుచున్నది. జ్ఞానము మూలమును పెకలించును. పూర్వాభ్యాసము మనస్సున విడిచిన ముద్రయైన వాసన మాత్రము తన గడువు తీఱనిదే పోదు. మన్నునకు పశ్చాత్తాపము లేదు, మనకు కలదు, నిజమే. అయినను పశ్చాత్తాపము ఆ గడువును రద్దు చేయజాలదు.

ఏండ్ల తరబడి సద్వర్తనమున నున్నవాని మనస్సులో నొకనాడు పాత దుర్వాసన తలయెత్తినచో, తన సాధన యంతయు బూటకమని యతడు క్రుంగును. బీటలోని నీరు వేఱొక మాట చెప్పును: బయట కనబడిన మాలిన్యము మన్నును వీడిన మాలిన్యమే. నీరు నిర్మలముగా నుండుటచేతనే యది వెలికి వచ్చినది. భయపడి ప్రవాహమును కట్టివేసినచో, వచ్చినది వచ్చినట్లే నిలిచి, మరల లోనికే త్రోవ పట్టును.