రాత్రి కారం, అర్ధరాత్రి మంట

ఖమ్మం మిర్చి యార్డు పక్కనుంచి వెళ్తేనే తుమ్ములొస్తాయి. తేజ రకం ఘాటు అలాంటిది. ఆ పండుమిర్చి పచ్చడే పొద్దుపోయాక దండిగా కలుపుకుని తిని, వెంటనే నడుం వాలిస్తే గుండెల్లో మంట రాక ఏం చేస్తుంది? అన్నవాహిక కింద ఒక కండరపు కవాటం ఉంటుంది. అది వదులైతే కడుపులోని ఆమ్లం పైకి ఎగదన్నుతుంది.

అందుకే మందుకన్నా ముందు వేళ మార్చండి. భోజనానికీ పడకకూ మధ్య రెండు మూడు గంటల ఎడం కావాలి. మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి అరడుగు ఎత్తండి. తలగడలు దొంతరగా పేర్చితే మెడనొప్పే మిగులుతుంది. ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే ఇంకా మేలు. గోలీ సోడా తాగితే త్రేన్పు వచ్చి హాయిగానే ఉంటుంది కానీ, ఆ గ్యాసే కడుపును ఉబ్బించి మంటను మళ్లీ తెస్తుంది. పుదీనా కూడా కొందరికి పడదు. కవాటాన్ని అదీ వదులు చేస్తుంది. భద్రాచలం అడవి పల్లెల్లో తాగే జొన్న అంబలి, రాగి జావే నాకు నయమనిపిస్తాయి. కారం లేదు, నూనె లేదు. మరీ పులియనివ్వకండి, అంతే.

ఛాతీ పట్టేసి, చెమటలు పోసి, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకితే మాత్రం అంబలీ వద్దు, ఆలోచనా వద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.