వైద్యము చాలించుట అవిశ్వాసమా?



బూదికోట నుండి బంగారుపేటకు బస్సు, అక్కడ నుండి బెంగుళూరుకు రైలు. మా పెద్దమ్మ కేన్సరు వైద్యమునకు ఈ దారిన ఏడాదికి పైగా తిరిగినది. జబ్బు కాలేయమునకు పాకిన తరువాత కూడ కీమోథెరపీ మందు ఎక్కిస్తూనే ఉన్నారు. ఒక సాయంకాలము బంగారుపేట స్టేషనులో బల్ల మీద కూర్చుండిపోయి, "ఇంక చాలు నాయనా, నన్ను ఇంట్లో ఉండనియ్యండి" అన్నది.

మేము విననట్టే ఊరకున్నాము. విదేశములోనున్న ఆమె కుమారులు ఫోను చేసి, ఎంత ఖర్చయినా ఆపవద్దన్నారు. పాపము, దూరాన ఉన్నవారు డబ్బు తప్ప ఇంకేమి పంపగలరు? సంఘములో కొందరు ఆమెకు విశ్వాసము తగ్గినదన్నారు. చివరకు డాక్టరుగారితో చెప్పగా ఆయన ఫైలు మూసి, "మానుకుంటే ఇక ఇక్కడికి రావద్దు" అన్నారు. నొప్పికి మందైనా వ్రాయలేదు.

విశ్వాసము మాట వచ్చినది గనుక వాక్యమునే చూచాము. హిజ్కియా పుండుకు అంజూరపు ముద్ద కట్టినారు. వైద్యము పాపము కాదు. ఆసా రాజు జబ్బులో యెహోవాను వెదకక వైద్యులను మాత్రమే నమ్మెనని వాక్యము చెప్పుచున్నది. ఫిలిప్పీయులకు వ్రాసినప్పుడు పౌలు వెళ్ళిపోవుటయా, ఉండుటయా అని తూచి చూచినాడు. ఆయనను అవిశ్వాసి అన్నవారు లేరు.

మన కోలారు గనులు 2001లో మూతపడినవి. గని దుమ్ముతో ఊపిరితిత్తులు చెడిన పెద్దలను మనలో చాలామంది ఎరుగుదురు. ఆ జబ్బు నయము కాదని తెలిసి కూడ ఇంటివారు దిండ్లు ఎత్తుగా వేసి కూర్చోబెట్టి, రాత్రులు మేలుకొన్నారు. నయము చేయుట వేరు, చూచుకొనుట వేరని వారికి ఎవరూ నేర్పలేదు.

అందరూ మానుకొనవలెనని మేము చెప్పుట లేదు. రొమ్ము కేన్సరు, గర్భాశయ ముఖద్వార కేన్సరు తొలిదశలో కనుగొంటే చాలామందికి నయమగును. భయముతోనో, చార్జీలకు డబ్బు లేకనో మానుకొంటే అది వేరు సంగతి. అప్పుడు సంఘము చేయి చాపవలెను.

మేము ఇంకొక డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళి ఒకటే అడిగాము: ఈ మందు నయము చేయునా, కొన్ని నెలలు ఆపునా? ఆ నెలలలో ఆమె లేచి తిరుగునా? ఆమె దాచక చెప్పినారు. మొదటి డాక్టరుగారిని కూడ మేము పూర్తిగా తప్పు పట్టలేము. పోరాడుటకే చదివినవారికి ఆపుట ఓటమివలె కనబడును. అయితే తెలివితో ఉన్న పెద్దవారు వైద్యము వద్దనవచ్చునని సుప్రీంకోర్టు 2018 మార్చి 9న తీర్పులో స్పష్టపరచినది. నొప్పికి మార్ఫిన్ దొరకుట సులభము కావలెనని 2014లో చట్టము సవరించినారు. బెంగుళూరులో 1999లో తెరచిన కరుణాశ్రయములో, నయము కాని దశకు చేరిన కేన్సరు రోగులను డబ్బు తీసుకొనకుండ చూచుకొందురు. ఈ సంగతులు ముందే తెలిసియుంటే మేము అంతగా బెదిరియుండము.

మార్ఫిన్ మాత్రలతో పెద్దమ్మ ఇంట్లోనే ఉన్నది. విశ్వాసము తగ్గినదన్నవారు కూడ వచ్చి, యోబు స్నేహితులు మొదటి ఏడు దినములు చేసినట్టు, ఊరక కూర్చున్నారు. కుమారులు సెలవు పెట్టి వచ్చినారు.

స్టేషనులో ఆమె అడిగిన నాటికీ మేము విన్న నాటికీ మధ్య రెండు నెలలు గడచినవి. దానికి ఆమెను క్షమాపణ అడిగాము. "పోనీలే నాయనా, మీరు భయపడినారు" అన్నది.