ఫైలు ఎక్కడ ముగుస్తుంది?

1970ల చివర్లో ఎవరో సీపీ/ఎమ్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే కంప్యూటర్ మీద 300 అక్షరాల ఉత్తరం టైపు చేసి, ఎనిమిదంగుళాల ఫ్లాపీలో దాచారనుకుందాం. డిస్కు డైరెక్టరీలో ఆ ఉత్తరానికి 32 బైట్ల చోటు దక్కుతుంది. అందులో దాని పేరుంటుంది, డిస్కు మీద ఎక్కడెక్కడ ఉందో ఉంటుంది, ఎన్ని రికార్డులో ఉంటుంది. రికార్డంటే 128 బైట్ల ముక్క. ఈ ఉత్తరానికి అక్కడ కనిపించే అంకె 3. మూడు 128లు 384. ఉత్తరం 300 దగ్గరే అయిపోయిందన్న సంగతి ఆ డైరెక్టరీలో ఎక్కడా లేదు.

మరి మిగిలిన 84 బైట్లు ఎవరివి?

గ్యారీ కిల్డాల్ 1974లో కాలిఫోర్నియాలో సీపీ/ఎమ్ రాసినప్పుడు ఎదురుగా ఉన్న ఫ్లాపీ 128 బైట్ల సెక్టార్లదే. 77 ట్రాకులు, ట్రాకుకు 26 సెక్టార్లు, మొత్తం రెండున్నర లక్షల బైట్ల పైచిలుకు. డిస్కు ఒక్కో బైటుగా ఇవ్వదు, సెక్టారు సెక్టారుగానే ఇస్తుంది. ఆయన వ్యవస్థ కూడా ఆ కొలతతోనే లెక్క పెట్టుకుంది. మానికతో కొలిచేవాడు గింజలు లెక్కపెట్టడు కదా. ఆ గింజల లెక్కను కిల్డాల్ ఫైలు రాసిన ప్రోగ్రాముకే వదిలేశాడు.

అందుకు ఏర్పడిన ఒప్పందం కంట్రోల్-జెడ్. అక్షరాలకు అంకెలిచ్చే ఆస్కీ పట్టికలో దాని అంకె 26. నిజానికి దాని పని వేరు: పాడైపోయి చేరిన అక్షరం స్థానంలో పెట్టడానికి దాన్ని ఉద్దేశించారు. పాఠం ముగిసిందని చెప్పడానికి 3, ప్రసారం ముగిసిందని చెప్పడానికి 4 అదే పట్టికలో ఉన్నాయి. అయినా సీపీ/ఎమ్‌లో ముగింపు బాధ్యత 26 మీద పడింది. పాఠం చదివే ప్రోగ్రాముకు 26 ఎదురైతే అక్కడితో ఆగాలి. ఆ తర్వాత డిస్కు మీద ఏమున్నా అది ఉత్తరం కాదు. ఒకవేళ ఉత్తరం సరిగ్గా 384 అక్షరాలే అయితే గుర్తు పెట్టడానికి చోటే ఉండదు, అవసరమూ ఉండదు. తర్వాతి రికార్డు అడిగితే వ్యవస్థ ‘లేదు’ అంటుంది. ఆ లేకపోవడమే ముగింపు.

అంటే ముగింపు తెలిసే దారులు రెండు: ఒకటి ఉన్న గుర్తును చూడటం, రెండోది ఏమీ లేకపోవడాన్ని గ్రహించడం. ఈ రెండోదాని మీద మన తార్కికులు శతాబ్దాలు వాదించుకున్నారు. నేల మీద కుండ లేదని మనిషికి ఎలా తెలుస్తుంది? కంటితోనే తెలుస్తుందన్నారు నైయాయికులు. కాదు, అనుపలబ్ధి, అంటే కనబడకపోవడం, అనే వేరే ప్రమాణం కావాలన్నారు కుమారిల భట్టు మార్గంలోని మీమాంసకులు. అభావమనే, అంటే లేకపోవడమనే, పదార్థమే లేదు, ఉన్నది వట్టి నేలేనన్నారు ప్రాభాకరులు. 17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు ‘తర్కసంగ్రహం’లో అభావాన్ని ఏడో పదార్థంగా లెక్కించాడు. పరిమాణాన్ని 24 గుణాలలో ఒకటిగా, ద్రవ్యాన్ని ఆశ్రయించి ఉండేదిగా చెప్పాడు.

కుండకు అది సరిపోతుంది. కుండ ఎంతుందో కుండలోనే ఉంది, కొలిచేవాడు వచ్చినా రాకపోయినా. ఫైలు దగ్గర ఆ మాట నిలవదు.

ఎందుకంటే ప్రోగ్రాము ఫైలులో, బొమ్మ ఫైలులో 26 ఒక మామూలు అంకె. ఎక్కడైనా రావచ్చు. దాన్ని ముగింపుగా తీసుకుంటే ఫైలు మధ్యలోనే తెగిపోతుంది. తర్వాత వచ్చిన డాస్‌లో కాపీ కమాండుతో రెండు బొమ్మ ఫైళ్లను కలిపేటప్పుడు ‘స్లాష్ బి’ చేర్చకపోతే జరిగేది అదే. పోనీ గుర్తును నమ్మకుండా చదివితే, చివరి 128లో ఏది ఫైలుదో, ఏది పాత మెమరీ నుంచి కొట్టుకొచ్చిన చెత్తో చెప్పే ఆనవాలు ఆ బైట్లలో లేదు. ప్రత్యక్షం పనికిరాదు. అనుమానం, అంటే ఊహించి తేల్చడం, కొంత దూరమే తీసుకెళుతుంది. మిగిలేది శబ్దం, అంటే ఆప్తవాక్యం. రాసినవాడు ‘నేను ఇంత రాశాను’ అని ఎక్కడో చెప్పి ఉండాలి. ఖచ్చితమైన నిడివి బైట్లలో ఉండే గుణం కాదు, రాసినవాడి సాక్ష్యం.

యూనిక్స్ ఆ సాక్ష్యాన్ని ఫైలు వివరాలుండే ఐనోడ్‌లో బైట్ల లెక్కన రాసి పెట్టింది. 1981లో ఐబీఎం పీసీతో వచ్చిన డాస్ కూడా తన 32 బైట్ల డైరెక్టరీ ఎంట్రీలో చివరి 4 బైట్లను నిడివికే కేటాయించింది. నిడివి బయట నమోదైతే ఫైలు లోపల 26తో సహా ఏ అంకైనా స్వేచ్ఛగా ఉండవచ్చు.

సీపీ/ఎమ్ ఆ దారికి 1983లో, మూడో వెర్షన్‌తో వచ్చింది. చివరి రికార్డులో ఎన్ని బైట్లు అసలువో చెప్పడానికి డైరెక్టరీలో ఒక బైటు కేటాయించారు. కానీ దాన్ని వ్యవస్థ తనంతట తాను నింపదు. ప్రోగ్రాము చెబితేనే నింపుతుంది. చెప్పకపోతే సున్నా. పైగా అదే బైటును కొన్ని సాఫ్ట్‌వేర్లు తలకిందులుగా అర్థం చేసుకున్నాయి. మొదటి ఉత్తరానికి అక్కడ 44 అని ఉందనుకుందాం. వాడినవి 44 అని చదివితే నిడివి 300. మిగిలిపోయినవి 44 అని చదివితే 340. సాక్ష్యం ఉంటే చాలదు, సాక్షి భాష కూడా తెలియాలి.

దీనికి తోడు, 1977లో వార్డ్ క్రిస్టెన్సన్ రాసిన ఎక్స్‌మోడెమ్ అనే ఫైళ్ల బదిలీ పద్ధతి టెలిఫోను లైను మీద ఫైళ్లను 128 బైట్ల ముక్కలుగానే పంపేది. చివరి ముక్క నిండకపోతే పూరించి పంపేది. 300 బైట్ల ఫైలు అవతలి ఒడ్డున 384 అయ్యేది. ఈ రెండు కాపీలు ఒకటేనా? చదివితే ఒకటే. బైటు బైటూ పోల్చిచూస్తే వేర్వేరు. పాత డిస్కులను భద్రపరిచేవారికి ఇది ఇప్పటికీ రోజువారీ సమస్య. ముగింపు చెప్పగలిగిన మనిషి ఇప్పుడు దొరక్కపోవచ్చు. అతని స్థానంలో మనం తీర్పు చెప్పి ఆ తోకను కత్తిరిస్తే, ఇంకెవరూ తిరిగి అతికించలేరు.

ఇంట్లో, ఆఫీసు బీరువాలో అలాంటి ఫ్లాపీలు ఎవరి దగ్గరైనా ఉంటే, ఫైళ్లను విడివిడిగా తీసి శుభ్రం చేయకండి. డిస్కు మొత్తాన్నీ సెక్టారు సెక్టారుగా ఇమేజ్ తీసి, ఆ చివరి 128లో ఉన్న చెత్తతో సహా దాచండి.