కడుపుకోత పడిన ఇంట

బిడ్డను పోగొట్టుకున్న ఇంటికి పలకరింపుకు బయలుదేరే పెద్దలారా, మొదటి మనవి మీకే. నోటిదాకా వచ్చిన ఓదార్పును గడప బయటే ఒకసారి తూచి చూసుకోండి. ‘రుణం తీరిపోయింది’, ‘మంచివాడు గనకే దేవుడు తీసుకుపోయాడు’, ‘వయసుంది, మళ్లీ కడుపు పండుతుంది’ అనే మాటలు శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఎవరూ చెడ్డ మనసుతో అనరు. కానీ రుణం మాట విన్న తల్లి, నా బిడ్డ నా దగ్గరికి బాకీ వసూలుకు వచ్చాడా అని రాత్రంతా తలపోస్తుంది. మళ్లీ కంటావన్న మాటలో ఆమెకు వినబడేది ఒక్కటే: పోయినవాడు వీళ్ల లెక్కలో ఎప్పుడో తుడుచుకుపోయాడని. ఏమీ తోచకపోతే మాట్లాడకండి. పక్కన కూర్చోండి. పొయ్యి వెలిగించి నాలుగు ముద్దలు తినిపించండి.

శాస్త్రం పసివాళ్ల విషయంలో పెద్ద తంతు పెట్టలేదు. రెండేళ్లు నిండని బిడ్డను దహనం చేయక ఊరి వెలుపల పూడ్చిపెట్టాలని, ఉదకక్రియ అక్కర్లేదని మనుస్మృతి విధించింది. పెద్దలకు శ్రీకూర్మం వెళ్లి పిండాలు పెట్టి వచ్చే ఇళ్లలో కూడా పసిగుడ్డు పోతే ఆ వేళకే అన్నీ ముగిసిపోతాయి. మైలకు గడువుంది, స్నానంతో అది పోతుంది. తల్లి శోకానికి అలాంటి గడువు ఏ ధర్మశాస్త్రమూ పెట్టలేదు. కర్మ చిన్నది గనక దుఃఖమూ చిన్నదేనని తేల్చేవాడు శాస్త్రాన్ని సగమే చదివినవాడు.

భారతంలో అభిమన్యుడు పడిన రాత్రి ధర్మరాజు కుంగిపోయాడు. వ్యాసుడు వచ్చి, పూర్వం కొడుకును పోగొట్టుకున్న సృంజయ మహారాజును నారదుడు ఎలా ఓదార్చాడో చెప్పాడు. శిబి, శ్రీరాముడు, భగీరథుడు, రంతిదేవుడు, ఇలా పదహారుమంది మహారాజుల కథలు. అంతటివారే పోయారు, నీ కొడుకెంత అన్నది అందులోని సారం. ఈ ఉపదేశాన్ని మనం ఇప్పటికీ చావిళ్లలో వల్లిస్తాం. అయితే ఆ కథ ఉపదేశంతో ఆగలేదు. చివరికి నారదుడు ఆ పిల్లవాణ్ణి బతికించి తెచ్చి తండ్రికి అప్పగించాడు. దేవర్షి అంతటివాడే కథలతో సరిపెట్టలేదు. తెచ్చి ఇచ్చే శక్తి లేని మనం వేదాంతం చెప్పేముందు ఎంత తగ్గి ఉండాలో ఆలోచించండి.

ఇక నింద. ఇది ఓదార్పు కన్నా వేగంగా వస్తుంది, ఎప్పుడూ తల్లి మీదికే వస్తుంది. గ్రహణంలో కదిలిందని, మొక్కు మరిచిందని, జ్వరాన్ని తేలిగ్గా తీసుకుందని. అత్తలారా, ఆడబిడ్డలారా, వినండి. పిల్లల్లో ఎక్కువగా కనిపించే బ్లడ్ క్యాన్సర్ ఎముక మజ్జలో ఒక కణం దారితప్పడం వల్ల మొదలవుతుంది. ఆమె తిన్నదానికీ తిరిగినదానికీ దానితో పొత్తు లేదు. సీతంపేట, కురుపాం కొండల్లో బిడ్డల్ని నొప్పులతో మెలితిప్పే సికిల్ సెల్ జబ్బు తల్లిదండ్రులిద్దరి నుంచీ ఆ లోపం అందినప్పుడే వస్తుంది. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. సగం తండ్రి రక్తానిది అయినప్పుడు మొత్తం నింద తల్లికి కట్టడం అధర్మం. పెళ్లికి ముందో, బిడ్డను కనే ముందో ఒక్క రక్తపరీక్ష చేయించి ఉంటే తెలిసేది. ఆ పరీక్ష చేయించే బాధ్యత ఊరి పెద్దలది కూడా.

తండ్రులారా, మీ దుఃఖాన్ని ఎవరూ అడగరు. హైదరాబాదులో తాపీపనిలోనో, గుజరాత్ తీరాన వెరావల్ పడవల మీదో ఉండగా కబురు అందుకుని, రైలు దిగేసరికి అంతా అయిపోయిన మనుషులు మన జిల్లాల్లో ఎందరో. మీ వంటి తండ్రి ఒకరిని తలుచుకుందాం. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1920ల మొదట్లో చదువుకు అమెరికా వెళ్లారు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే జబ్బు చేసి పోయాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడనే లేదు, మళ్లీ స్వదేశానికి రానూ లేదు. ఆయన బృందం లెడర్లే ప్రయోగశాలలో తయారుచేసిన అమినోప్టెరిన్ మందును బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు బ్లడ్ క్యాన్సర్ పిల్లలకు ఇచ్చాడు. 1948లో ప్రకటించిన ఫలితాల్లో 16 మందిలో 10 మందికి జబ్బు తాత్కాలికంగా తగ్గింది. అంతకుముందు ఆ జబ్బుకు ఆశ అన్నదే లేదు. ఆ ఏడు ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. ఆ మందుకు తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌ను నేటికీ ఆ జబ్బు చికిత్సలో వాడుతున్నారు. సంపన్న దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో 80 శాతానికి పైగా నేడు బతికి బట్టకడుతున్నారు.

కాబట్టి చికిత్సలో ఉన్న బిడ్డల తల్లిదండ్రులకు ఒక మాట. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పుడు మొట్టమొదట అమలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. ఉచిత వైద్యమనే ఆ హక్కును అడిగి తీసుకోండి. బ్లడ్ క్యాన్సర్ వైద్యం రెండు మూడేళ్లు సాగుతుంది. నెల తిరిగేసరికి బిడ్డ ఆడుకోవడం మొదలుపెడితే నయమైందనుకుని, దారిఖర్చులకు జడిసి విశాఖ ప్రయాణం మానేయకండి. మజ్జలో దాగిన జబ్బు ఆ మానేసిన నెలల్లోనే తిరగబడవచ్చు. ఊరివాళ్లారా, ఆ దారిఖర్చును పంచుకోండి, పొలంలో కోత ఉంటే వాళ్ల వంతు మీరు కోయండి.

వైద్యానికి లొంగని దశ వస్తే, నయం చేయలేకపోవడం వేరు, నొప్పితో వదిలేయడం వేరు. మార్ఫిన్ వంటి మందులు వైద్యుల చేతిలో పిల్లలకు కూడా నిర్భయంగా ఇవ్వదగినవి. ‘బిడ్డకు నొప్పి తగ్గించండి’ అని గట్టిగా అడగండి. బిడ్డ ‘నేను చచ్చిపోతానా అమ్మా’ అని అడిగితే ముఖం తిప్పుకోకండి. పెద్దల కళ్లు చూసి పిల్లలు అప్పటికే సగం గ్రహించి ఉంటారు. అబద్ధం చెప్పి ఆ భయంలో వాళ్లను ఒంటరిగా వదలవద్దు.

బిడ్డ పోయిన తర్వాత, రాయండి. మీ బిడ్డను గురించి లోకం దగ్గర ఉన్న రాతలు ఎన్ని? జనన ధ్రువపత్రం, ఆధార్ కార్డు, ఆసుపత్రి కేసు షీటు. అందులో తెల్లకణాల సంఖ్య ఉంటుంది, మోతాదులు ఉంటాయి. జాతరలో సిరిమాను కదిలేటప్పుడు తండ్రి భుజాలెక్కి ఆ గుంటడు ఏమి అడిగాడో, అన్నంలో ఏ కూర కలిపితే నోరు తెరిచేవాడో, పాటలో ఏ మాట తప్పుగా పలికేవాడో ఏ షీటులోనూ ఉండదు. సుబ్బారావు తన బిడ్డను గురించి పుస్తకమేదీ రాసిపెట్టలేదు. మీరు ఆ కొరత ఉంచకండి. జబ్బు నెలల కథతో నోటు పుస్తకమంతా నింపవద్దు, వాడు ఆరోగ్యంగా ఉన్న ఏళ్లకు ఎక్కువ పేజీలు ఇవ్వండి. అక్షరం రాని తల్లి చెబుతుంటే చదువుకున్న మేనమామో, ఆశా కార్యకర్తో, బడిపంతులో రాసిపెట్టాలి. ఆమె మాటను దిద్దకండి. మన యాసలో ‘నేడు’ అంటే ‘నేడు’ అనే రాయండి, ‘లేడు’ అని మార్చవద్దు.

ఆ పుస్తకం ఇంట్లో మిగిలిన పిల్లలకు కూడా అవసరం. వాళ్ల దుఃఖాన్ని గమనించే తీరిక ఆ రోజుల్లో ఎవరికీ ఉండదు. అన్న పేరు ఎత్తితే అమ్మ ఏడుస్తుందని వాళ్లు నోరు కట్టేసుకుంటారు. ఫోటో తీసి పెట్టెలో దాచిన ఇంట పిల్లలు ఆ పేరు తామే తప్పు చేసినట్టు గొంతులో దాచుకుంటారు. ఆ పేరు మీరే ముందు పలకండి.

పేరంటంలోనో, రైల్లోనో, సంతలోనో ఎవరైనా ఆ తల్లిని ‘పిల్లలెంతమంది’ అని అడుగుతారు. రేషన్ కార్డులో ఒక పేరు కొట్టేసి ఉండవచ్చు. అయినా ఆమె ముగ్గురని చెబితే పక్కనున్న మీరు అందుకుని ఇద్దరని సరిచేయకండి.